సొట్ట సైకిలును బాగుచేసి, సొట్ట చూపించే అమ్మడం

"రంగు కింద ఏముందమ్మా?"

నేను బాగుచేసి అమ్మకానికి పెట్టిన రెండో సైకిలును చూడ్డానికొచ్చిన పెద్దాయన అడిగిన మొదటి మాట ఇది. నిజానికి రంగు కింద ఏమీ లేదు. నాలుగు గీతలు, కింది గొట్టం మీద అరచేయంత తుప్పు మరక, అంతే. అవి చూసి జనం మొహం తిప్పుకుంటారేమోనని రెండు ఆదివారాలు కూర్చుని ఫ్రేమంతా గీకి, స్ప్రే డబ్బాతో నిగనిగలాడే నలుపు కొట్టాను. ఆయన గొట్టం మీద వేలు జరుపుతూ వచ్చి వెల్డింగు దగ్గర ఆగాడు. కాసేపు వంగి చూశాడు. "కొత్త రంగేసిన పాత సైకిలు నేను కొననమ్మా, ఏమీ అనుకోకు" అని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ ఆ మాట పైకి అనలేదు గానీ చూసిన చూపు అదే. పైన పటారం లోన లొటారం అనుకున్నారు. చివరికి సామాన్ల ఖర్చు కూడా రాకుండా వదిలించుకున్నాను.

ఆ తర్వాత ఓ ఇరవై సైకిళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. పగలు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. సెలవు రోజుల్లో బాల్కనీలో ఈ పని, పట్టుకోవడానికి తోడుగా మా తమ్ముడు. ఒక్కదానికి తప్ప మళ్లీ దేనికీ పూర్తి రంగు వేయలేదు. ఆ ఒక్కదాని సంగతి తర్వాత చెప్తాను.

ఫ్రేము మీద సొట్టో, గీతలో, తుప్పు మరకలో ఉన్న సైకిలు చాలామందికి అక్కర్లేదు. అందుకే చవగ్గా వస్తుంది. అది ఒట్టి మచ్చేనని ముందు మీకు నమ్మకం కుదరాలి, తర్వాత కొనేవాళ్లకి కుదరాలి. మధ్యలో చేసే రిపేరు వీటికంటే తేలిక. ఈ మధ్య అమ్మిన నీలం రంగు స్టీలు సైకిలును పట్టుకుని మొత్తం చెప్తాను.

మచ్చా, గాయమా

కొనడానికి వెళ్లేటప్పుడు నా సంచిలో ఐదు వస్తువులుంటాయి: తడిగుడ్డ, టార్చి, చిన్న అయస్కాంతం, ఆరు అంగుళాల స్టీలు స్కేలు, మూడు మీటర్ల దారం. ముందు గుడ్డతో తుడవడమే. గీతలనుకున్నవి సగం మురికితో పాటే పోతాయి, కింద దాగిన కొత్తవి బయటపడతాయి.

అయస్కాంతం అతుక్కుంటే స్టీలు. అతుక్కోకపోతే దాదాపుగా అల్యూమినియం, లేదంటే కార్బన్. ఈ తేడా ముందే తెలియాలి. ఒకే సొట్ట స్టీలు మీద మచ్చ అయితే, పల్చటి అల్యూమినియం గొట్టం మీద గాయం కావచ్చు. స్టీలు వంగుతుంది, సాగుతుంది, తెగే ముందు కొంచెం సూచన ఇస్తుంది. అల్యూమినియం అలా కాదు, పగులు ఒకసారి మొదలైతే తొక్కే కొద్దీ పెరుగుతుంది. అందుకే అల్యూమినియం మీద గీతలుంటే కొంటాను, అంచు తేలిన సొట్ట ఉంటే కొనను. కార్బన్ జోలికి అసలు వెళ్లను. నాణెంతో తట్టుకుంటూ పోతే లోపల పొరలు విడిపోయిన చోట శబ్దం మొద్దుబారుతుంది, నిజమే. కానీ శబ్దం బాగుందని ఫ్రేము బాగున్నట్టు కాదు. నేను భరోసా ఇవ్వలేని వస్తువు ఇంకొకరికి ఎలా అమ్మను?

ఇక అసలు చూడాల్సిన చోటు. హ్యాండిల్ దిగే నిలువు గొట్టానికి పై గొట్టం, కింది గొట్టం వచ్చి అతుక్కునే మూల ఉంటుంది కదా, దాని వెనక, కింది వైపు. సైకిలు ఎదురుగా దేన్నయినా గుద్దితే ఆ దెబ్బ అక్కడ తేలుతుంది. టార్చిని పక్క నుంచి వాలుగా వేసి, గోరుతో నెమ్మదిగా జరపండి. ఒకసారి తళతళలాడే ఎర్ర సైకిలు, అడిగింది చాలా తక్కువ. నేను డబ్బు తీయబోతుంటే మా తమ్ముడు కింద కూర్చుని, "అక్కా, ఇక్కడ రంగు ముడత పడిందే" అన్నాడు. చూస్తే కింది గొట్టం మీద, అతుకు నుంచి రెండు వేళ్ల దూరంలో, చీర మడతలా సన్నటి అల. పై నుంచి చూస్తే ఏమీ లేదు. దండం పెట్టి వచ్చేశాం. ముడత కనబడితే ధర ఎంత తక్కువైనా అంతే.

గీతకీ పగులుకీ తేడా చూడ్డం కొంచెం అలవాటుతో వస్తుంది. గీత ఎటు పడితే అటు పోతుంది. పగులు వెల్డింగు అంచును పట్టుకుని, గొట్టం చుట్టూ తిరిగేలా ఉంటుంది. తుడిచాక కూడా సన్నటి నల్లగీత, స్టీలయితే తుప్పు గీత, మిగులుతుంది. అనుమానం తీరకపోతే, అమ్మేవాళ్లని అడిగి, ఆ చోట గోరంత మేర రంగు గీకి చూడండి. రంగుతో పాటు గీత పోతే రంగు పగిలిందంతే. లోహంలోనూ ఉంటే వదిలేయండి. ఇలాగే చూడాల్సినవి: పెడల్ ఇరుసు ఉండే గొట్టం చుట్టూ, సీటు బిగించే చీలిక కింద, వెనక చక్రం కూర్చునే గాడుల దగ్గర.

నీలం సైకిలుకి పై గొట్టం మీద, హ్యాండిల్‌కి దగ్గర్లో, బొటనవేలి గోరంత సొట్ట ఉంది. కింద పడినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి దాని కొస గొట్టానికి తగిలితే పడే సొట్ట అది. నమ్మకం లేకపోతే హ్యాండిల్ తిప్పి చూడండి, కొస సరిగ్గా అక్కడికే వస్తుంది. స్కేలు అంచును గొట్టం పొడవునా ఆనించి కింద సందు కొలిచాను: వెడల్పు 14 మిల్లీమీటర్లు, లోతు 2. అంచులు గుండ్రంగా ఉన్నాయి, మడత లేదు, రంగు పెచ్చు లేచింది గానీ లోహం చీలలేదు. స్టీలు కాబట్టి ఇది నా లెక్కలో మచ్చ. అదే సొట్ట గొట్టానికి అడ్డంగా, కత్తి పెట్టి నొక్కినట్టు ఉంటే ఇంటికి తెచ్చేదాన్ని కాదు.

దారం పరీక్ష ఎవరైనా చేయొచ్చు. వెనక చక్రం కూర్చునే ఎడమ గాడి దగ్గర దారం కట్టి, ముందుకు తెచ్చి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్లీ వెనక్కి కుడి గాడికి బిగుతుగా కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు వైపులా కొలవండి. నీలం దానికి ఎడమ 29, కుడి 30 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల దాకా తేడా నేను పట్టించుకోను. అంతకు మించితే ఫ్రేము వంకర పోయిందన్నమాట. స్టీలు ఫ్రేమును పనితెలిసిన వాళ్లు సరిచేయగలరు, కానీ అమ్మకానికి చేసే పనిలో ఆ ఖర్చు గిట్టదు.

ఇంకో రెండు నిమిషాలు ఆగండి. సీటు కిందికీ పైకీ కదులుతుందా? స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా ఉండిపోతే రెండూ పట్టేసుకుంటాయి, తీయడానికి వారం పడుతుంది, ఒక్కోసారి రాదు. తర్వాత సైకిలు తిరగేసి, పెడల్ ఇరుసు గొట్టం అడుగున కొట్టిన నంబరు చూడండి. చాలా ఫ్రేములకి నంబరు ఉండే చోటు అదే. ఆకురాయితో అరగదీసినట్టుంటే ఆ సైకిలు ఎవరిదో! అమ్మే మనిషి పేరు, తేదీ, ఆ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంటాను. ఇవ్వననే వాళ్ల దగ్గర కొనను.

కొనే ముందే నోటుబుక్కులో ఒక లెక్క వేస్తాను. ఇలాంటివే, ఇదే పరిస్థితిలో ఉన్నవి, ఎంతకి అమ్ముడుపోతున్నాయి? అడిగిన ధర కాదు, పోయిన ధర. కొన్న ధర, సామాన్లు కలిపి అందులో సగం దాటకూడదు. మిగతా సగంలో నా సెలవు రోజులు, బేరం, నేను చూడని లోపం, అన్నీ ఇమడాలి.

విప్పడం

విప్పే ముందు ఫోటోలు తీయండి. వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో. మూడు వారాల తర్వాత మీ జ్ఞాపకం మీద ఆధారపడకండి. నట్లూ బోల్టులూ దేనికది చిన్న డబ్బాలో వేసి పేరు రాయండి.

ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. నాకది తెలియని రోజుల్లో పానా మీద ఎక్కి నిలబడి మరీ ఎడమ పెడల్ "విప్పాను", అంటే ఇంకా బిగించాను. గుర్తుంచుకోవడానికి తేలిక పద్ధతి ఒకటుంది: పానా పిడి పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగండి, రెండు పెడళ్లూ అలాగే ఊడతాయి. పెడల్ ఇరుసుకి కుడి వైపు ఉండే కప్పు కూడా చాలా సైకిళ్లలో ఉల్టా మరే.

పట్టేసిన బోల్టుకి తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. ఇందుకు వాడే డబ్ల్యూడీ-40 అనే స్ప్రేని చాలామంది చైనుకి కూడా కొట్టేస్తుంటారు. దాని పేరులోని డబ్ల్యూడీ అంటేనే నీటిని తొలగించేదని. 1953లో తుప్పు పట్టకుండా చూసేందుకు తయారుచేశారు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని 40. ఆ మామూలు డబ్బా తడి పోగొట్టడానికీ, బోల్టు వదులు చేయడానికీ బాగుంటుంది. చైనుకి మాత్రం చైను నూనే వేయాలి.

ఫ్రేము కడగడానికి గోరువెచ్చటి నీళ్లు, పాత్రల సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. ఒత్తిడి పైపుతో కొట్టొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. స్టిక్కర్ల మీద గట్టిగా రుద్దకండి. పాత ఫ్రేము మీద ఏ గొట్టంతో చేశారో చెప్పే చిన్న స్టిక్కరు ఉంటే అది బంగారం. రేనాల్డ్స్ 531 అని సీటు గొట్టం మీద కనబడితే, 1935 నుంచి పేరున్న తేలిక స్టీలు గొట్టం అది. సగం చిరిగిన ఆ స్టిక్కరే ఫ్రేముకి సర్టిఫికెట్టు. నా నీలం దానికి అదృష్టం అంత లేదు, కంపెనీ పేరే సగం చెరిగిపోయింది.

తుప్పు

పైపైన గోధుమరంగు పొడిలా ఉండే తుప్పుకి భయపడక్కర్లేదు. రంగు కింద బుడగలు లేచి, నొక్కితే పెచ్చులు ఊడి, గుంటలు కనబడితే జాగ్రత్త పడాలి. నీళ్లు చేరేది అడుగున కాబట్టి పెడల్ ఇరుసు గొట్టం కింద స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూస్తాను. ఖంగుమంటే సరే. మెత్తగా దిగితే గొట్టాన్ని లోపల్నుంచి తుప్పు తినేసింది.

క్రోము పూత ఉన్న హ్యాండిల్, రిమ్ముల మీది తుప్పు చుక్కలకి వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండ చుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. అల్యూమినియం క్రోము కంటే మెత్తన, గీతలు పడవు. పది నిమిషాల్లో నల్లటి పసరు వస్తుంది, తుడిస్తే మెరుపు. మొదటిసారి చూసినప్పుడు మా తమ్ముడు హ్యాండిల్ ఒదిలిపెట్టలేదు.

చిన్న స్టీలు బోల్టులు, వాషర్లకి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లు బాగా పనిచేస్తాయి. లీటరు నీళ్లకి ఒకటి రెండు చెంచాలు, ప్లాస్టిక్ డబ్బాలో, ఆరు బయట. ఇది విషం. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి, వంటపాత్రలు దరిదాపుల్లో ఉండకూడదు. అల్యూమినియం ముక్కలు అందులో వేయకండి. తీశాక బాగా కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆ పూటకే వదిలేస్తే మళ్లీ తుప్పు పడుతుంది.

రంగు, ఎంతవరకు

ఇక్కడే చేయి ఆపుకోవాలి. నా నియమం ఒకటే: తుప్పు ఆపడానికి రంగు వేస్తాను, మచ్చ మాయం చేయడానికి కాదు.

నీలం ఫ్రేము మీద లెక్కపెడితే పదకొండు చోట్ల పెచ్చులు లేచి లోహం కనబడుతోంది. మొత్తం కలిపితే ఒక అగ్గిపెట్టె అంత లేదు. ఇంత చిన్న పనికి నెయిల్ పాలిష్‌ని మించింది లేదు. రంగులు వందల్లో దొరుకుతాయి, బ్రష్షు మూతకే ఉంటుంది. కాకపోతే రంగు కలపడంలో నేను రెండుసార్లు తప్పు చేశాను. సీటు క్లాంపు కింద దాక్కున్న అసలు నీలాన్ని చూసి దానికి సరిపోయే సీసా తెచ్చాను. వేశాక ప్రతి చుక్కా పచ్చబొట్టులా కనబడింది. ఏళ్ల ఎండకి మిగతా ఫ్రేమంతా వెలిసిపోయి ఉంది మరి. పుట్టినప్పటి రంగును వదిలేసి, ఇప్పుడున్న రంగుకే కలపాలి. రెండో తప్పు ట్యూబులైటు కింద ఎంచడం. పగటి వెలుతురులో, నీడపట్టున, పాలిష్ పట్టిన తర్వాతే పోల్చండి. సీసా మూతకున్న బ్రష్షుతో కాగితం మీద చుక్క వేసి, ఆరాక ఫ్రేముకి ఆనించి చూస్తే తేలిపోతుంది.

పని ఇలా. పెచ్చు అంచుల్ని 400 నంబరు ఉప్పుకాగితం చిన్న ముక్కతో, పెన్సిలు వెనక్కి అంటించి, గుండ్రంగా రుద్దండి. అంచు వేలికి తగలకుండా జారాలి. తుప్పు మచ్చ మొత్తం పోయి తెల్లటి లోహం రావాలి. స్పిరిట్‌తో తుడిచాక అక్కడ వేలు పెట్టకండి. చేతి జిడ్డు చాలు, రంగు పట్టదు. సన్నటి బ్రష్షుతోనో పుల్ల మొనతోనో మెటల్ ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) ఒక చుక్క. అది పూర్తిగా ఆరనివ్వండి. అల్యూమినియం అయితే దానికంటూ ఉండే ప్రైమరే వాడాలి, మామూలుది పొరలా లేచిపోతుంది. తర్వాత రంగు. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది, పల్చగా మూడు పొరలు, పొరకీ పొరకీ మధ్య కొన్ని గంటలు. చివరికి చుక్క చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి. రెండు మూడు రోజులు ఆగి, 2000 నంబరు కాగితాన్ని సబ్బు నీళ్లలో తడిపి, ఆ ఎత్తు మాత్రం అరగదీసి, రబ్బింగ్ కాంపౌండు (మెరుపు తెచ్చే ముద్ద) పట్టండి. చేయి చాచినంత దూరం నుంచి కనబడకపోతే చాలు. దగ్గరికొస్తే కనబడాలి కూడా. కనబడితే చూసేవాళ్లకి అనుమానం ఉండదు.

సొట్ట దగ్గర కూడా ఇంతే చేశాను. పెచ్చు లేచిన భాగానికి ప్రైమరు, రంగు. సొట్టను సొట్టగానే వదిలేశాను. లప్పం పెట్టి నున్నగా చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కానీ కొనేవాడి చేతిలో చిన్న అయస్కాంతం ఉంటే అక్కడ పట్టదు, వెంటనే అడిగేది పెద్దాయన అడిగిన ప్రశ్నే. గొట్టం కంపించినప్పుడు లప్పం అంచున పగిలి, నిజమైన పగుల్లా కనబడుతుంది కూడా. ఫ్రేములు చేసేవాళ్లు గుండ్రటి స్టీలు గొట్టం మీది సొట్టల్ని గాడి తీసిన దిమ్మల మధ్య బిగించి తిప్పుతూ నున్నగా చేస్తారు. అది వాళ్ల చేతి పని. ఇంట్లో పట్టుకారు, సుత్తి పెట్టి ప్రయత్నించకండి.

మొత్తం రంగు వేసిన ఆ ఒక్క సైకిలు: సగానికి పైగా రంగు ఊడిపోయి, ఎక్కడ చూసినా తుప్పే. వేయక తప్పలేదు. ఈసారి గీకి లోహం బయటపడ్డాక, ప్రైమరు కొట్టే ముందు, ప్రతి అతుకునీ పగటి వెలుతురులో ఫోటో తీశాను. చూడ్డానికొచ్చిన ఆవిడ రంగు కంటే ఆ ఫోటోలనే ఎక్కువసేపు చూసింది. రెండు వేళ్లతో పెద్దవి చేసుకుని మరీ చూసి, కొనేసింది.

తొక్కితే తెలిసేవి

రంగు మీద పెట్టే సమయానికి రెట్టింపు ఇక్కడ పెట్టండి. ఫ్రేము మీద మచ్చలున్న సైకిలును పట్టుకోగానే మనిషి లోపల ఒక తక్కువ అంచనా పెట్టుకుంటాడు. తొక్కినప్పుడు శబ్దం లేకుండా జారిపోతే ఆ అంచనా తిరగబడుతుంది.

సైకిలు చైను పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అరంగుళం. స్కేలు సున్నాని ఒక పిన్ను మధ్యలో పెడితే దాని తర్వాత 24వ పిన్ను కచ్చితంగా 12 అంగుళాల దగ్గర ఉండాలి (దీనికి ఆరు అంగుళాల స్కేలు చాలదు, పెద్దది కావాలి). అంగుళంలో పదహారో వంతు దాటి పోయిందంటే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాటితే చైనుతో పాటు వెనక పళ్లు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైను వేస్తే ఎగిరి జారుతుంది. నీలం దానిది పదహారో వంతుకి ఒక వెంట్రుక అటూ ఇటూ. చైను మార్చాను, పళ్లు ఉంచాను.

చక్రం ఇరుసు పట్టుకుని వేళ్లతో తిప్పండి. ఇసుక నలిగినట్టు ఉంటే విప్పి లోపలి బేరింగు గుండ్లు తీసేయాల్సిందే. గుండ్లు విడివిడిగా ఉండే మామూలు హబ్బుల్లో (హబ్బు అంటే ఇరుసు ఉండే చక్రం నడిమి భాగం) ముందు చక్రానికి అంగుళంలో పదహారింట మూడు వంతులవి వైపుకి పది, వెనక చక్రానికి పావు అంగుళంవి వైపుకి తొమ్మిది. తీసేటప్పుడు మీరే లెక్కపెట్టుకోండి. పాతవాటితో కొత్తవి కలపకండి, అన్నీ కొత్తవే వేయండి, ఖర్చు ఎంతో కాదు. గ్రీజు దండిగా. గుండ్లను నొక్కిపట్టే కోను బిగించేటప్పుడు చక్రం ఊగకూడదు, పట్టకూడదు. ఆ మధ్యస్థం దొరకడానికి నాకు ఇప్పటికీ నాలుగైదు సార్లు పడుతుంది.

రిమ్ము కొంచెం వంకర తిరుగుతుంటే సైకిలు తిరగేసి, బ్రేకు రబ్బరునే గుర్తుగా పెట్టుకోండి. రిమ్ము ఎడమకి తగులుతుంటే ఆ చోట కుడి వైపు చువ్వలు బిగించాలి, ఎడమవి వదలాలి. ఒక్కసారికి నిపుల్‌ని (చువ్వ కొసనుండే చిన్న నట్టు) పావు తిరుగుడు మించొద్దు. తొందరపడితే చక్రం కోడిగుడ్డయి కూర్చుంటుంది.

బ్రేకు రబ్బర్లు గట్టిపడి మెరుస్తుంటే ఉప్పుకాగితంతో పై పొర తీయండి. చీలితే మార్చండి. వైర్లు, వాటి బయటి గొట్టాలు మాత్రం నేను ప్రతి సైకిలుకీ కొత్తవే వేస్తాను. ఇంత తక్కువ ఖర్చులో ఇంత తేడా తెచ్చేది ఇంకొకటి లేదు.

టైరు కొనేటప్పుడు అంగుళాల పేరును నమ్మకండి. 26 అంగుళాల టైర్లలో 559 ఉన్నాయి, 590 ఉన్నాయి. రెండింటి మీదా 26 అనే ఉంటుంది, ఒకదాని రిమ్ముకి ఇంకొకటి ఎక్కదు. పాత టైరు పక్కన సన్నటి అక్షరాల్లో 37-590 లాగా రెండు అంకెలుంటాయి, రెండోది రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. అది చూసి తెచ్చుకోండి. నేను చూడకుండా తెచ్చి, గంటసేపు కుస్తీపట్టి, టైరు ఎక్కించే లివర్లు రెండు విరగ్గొట్టాను.

అన్నీ బిగించేటప్పుడు పెడల్ మరలకీ, సీటు గొట్టానికీ గ్రీజు రాయండి. సీటు గొట్టం మీద ఇంతకంటే పైకి లాగొద్దని ఒక గీత ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి. తర్వాత కనీసం పది కిలోమీటర్లు మీరే తొక్కండి. చేతులు కొంచెం వదిలినప్పుడు ఒక పక్కకి లాగుతోందా, లేచి తొక్కినప్పుడు టకటకమంటోందా, గట్టి బ్రేకుకి హ్యాండిల్ దగ్గర కదులుతోందా. నీలం దానికి ఎక్కడో కిర్రు, రెండు రోజులు వెతికాను. చివరికి సీటు కింద క్లాంపు!

ఫోటోలు, మాటలు

పొద్దున్నో సాయంత్రమో, ఎండ నేరుగా పడని చోట, వెనక ఖాళీ గోడ. మొదటి ఫోటో చైను ఉన్న కుడి వైపు నుంచి, సైకిలు మొత్తం, కెమెరా పెడల్ ఎత్తున. తర్వాత ఎడమ, ముందు, వెనక, చైను, టైర్లు, నంబరు. ఆపైన ప్రతి మచ్చకీ ఒక ఫోటో, పక్కన స్కేలు పెట్టి. ఇది చదువుతుంటే మీకు టెన్షన్ వస్తుందని తెలుసు. నాకూ వచ్చింది. మచ్చల్నే చూపిస్తే ఎవరొస్తారని. వచ్చేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ వచ్చినవాళ్లు కొనడానికే వస్తారు. దాచి పెట్టినప్పుడు పదిమంది వచ్చి, సొట్ట చూసి, దాన్ని పట్టుకునే ధర విరుస్తారు. ముందే చూసి వచ్చినవాళ్లకి సొట్ట పాత వార్త.

నీలం సైకిలుకి నేను రాసింది దాదాపుగా ఇది:

"స్టీలు ఫ్రేము. సీటు గొట్టం పొడవు పెడల్ ఇరుసు మధ్య నుంచి పై కొస దాకా 54 సెంటీమీటర్లు. చక్రాలు 622. చైను, వైర్లు, బ్రేకు రబ్బర్లు, రెండు హబ్బుల గుండ్లు కొత్తవి. వెనక గేరు పళ్లు పాతవే, బాగున్నాయి. పై గొట్టం మీద హ్యాండిల్ తగిలి పడిన సొట్ట ఒకటి, వెడల్పు 14, లోతు 2 మిల్లీమీటర్లు, మడత గానీ పగులు గానీ లేదు, ఐదో ఫోటో చూడండి. పదకొండు చోట్ల పెచ్చులకి చేత్తో రంగు వేశాను, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. మిగతా రంగు కంపెనీదే, వెలిసింది. దారంతో కొలిచాను, ఫ్రేము సూటిగా ఉంది."

"సూపర్ కండిషన్" లాంటి మాటలు రాయకండి, అవి ఎవరూ చదవరు. సైకిలు వయసు తెలియకపోతే గేరు సామాను వెనక చూడండి. షిమానో కంపెనీ పాత గేరు సామాన్ల మీద రెండు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. మొదటిది సంవత్సరం, ఎ అంటే 1976, అక్కణ్నుంచి వరసగా. జెడ్ 2001తో అయిపోయి 2002కి మళ్లీ ఎ. రెండోది నెల, ఎ జనవరి, ఎల్ డిసెంబరు. నా దాని మీద ఓ, డి అని ఉంది: 1990 ఏప్రిల్. రెండో విడతలో ఓ 2016కి కూడా వస్తుంది గానీ, సైకిలు తీరు చూస్తేనే అది 2016ది కాదని తెలుస్తుంది. ఈ అక్షరాలు చెప్పేది ఆ ముక్క తయారైన తేదీ, సైకిలుది కాదు. నేను రాసేటప్పుడు కూడా అలాగే రాశాను.

బేరం, అప్పగింత

చూడ్డానికి పగలే రమ్మంటాను, మా తమ్ముడు ఇంట్లో ఉన్నప్పుడు. వచ్చినవాళ్లకి మొదట సొట్టే చూపిస్తాను, స్కేలు చేతికిస్తాను. తొక్కి చూస్తామంటే వాళ్ల బండో, బ్యాగో, పూర్తి డబ్బో మా దగ్గర ఉండాలి. సీటు ఎత్తు వాళ్లకి సరిపడా నేనే మార్చి ఇస్తాను. మోకాలు ముడుచుకుని తొక్కినవాడికి ఎంత మంచి సైకిలైనా నచ్చదు.

బేరంలో నోటుబుక్కు తీస్తాను. కొత్తగా వేసిన ప్రతి సామానూ తేదీతో ఉంటుంది. "సొట్ట ఉంది కదా, తగ్గించండి" అంటే, "ధరలో అది తగ్గించే రాశానండీ" అంటాను. దానికి బదులు చెప్పేవాళ్లు తక్కువ. అయినా నా మనసులో ఒక కనిష్ఠ ధర ఉంటుంది, దానికంటే కిందికి దిగితే వద్దంటాను. డబ్బు చేతికొచ్చాకే, లేదా ఖాతాలో పడ్డట్టు నేనే చూసుకున్నాకే సైకిలు కదులుతుంది. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. ఫ్రేము నంబరు, తేదీ, సొట్ట సంగతి రాసిన కాగితం రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు.

నీలం దాన్ని కొన్నది కాలేజీ కుర్రాడు. ఐదో ఫోటో చూసే వచ్చాడు. సొట్ట మీద బొటనవేలు పెట్టి, "కరెక్టుగా సరిపోయిందక్కా" అని నవ్వాడు. బేరం పెద్దగా ఆడలేదు. చువ్వలు ముట్టుకున్నాను కాబట్టి రెండు వారాలు తొక్కాక ఒకసారి తీసుకురా, వదులైతే బిగిస్తానని చెప్పాను. సగం మిగిలిన నెయిల్ పాలిష్ సీసా కూడా చేతిలో పెట్టాను, మళ్లీ ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ రంగు వెతుక్కోనక్కర్లేకుండా. జేబులో వేసుకుంటూ, "ఇది మా అమ్మ చూస్తే ఎవరిదిరా అంటుంది" అన్నాడు.